ఆయన పేరు రాసి పంపు

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం
ఆదివారం సాయంత్రం

చిరంజీవి బుజ్జమ్మను నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ అమ్మ మోకాలికి కొత్త నూనె ఏదో రాస్తోంది. తగ్గిందంటుంది కానీ మెట్లు మాత్రం పక్కకు తిరిగే దిగుతోంది. వారం రోజులుగా ముసురు. బీచ్ రోడ్డు మీద నడకకు వెళితే గొడుగు నిలవడం లేదు. రైతు బజారులో లేత ఆనపకాయలు వస్తున్నాయి. నువ్వు ఇంట్లో ఉన్నట్టే మీ అమ్మ ప్రతిసారీ ఒకటి ఎక్కువ కొంటోంది.

ప్రత్యేకంగా చెప్పాల్సింది ఏమీ లేదు. ఫోను చేస్తే "తర్వాత మాట్లాడతాను నాన్నా" అంటావు కాబట్టి ఊరికే రాయాలనిపించింది.

సీతమ్మధార పిన్ని వచ్చి వెళ్లింది. వాళ్ల పండు నీకు హైదరాబాదులో కనిపించాడట కదా. మీ సీరియల్‌కు పనిచేసే లైట్‌మ్యాన్ పోయాడనీ, ఆయన ఫొటో ఎపిసోడ్ చివర వేద్దామని నువ్వు అడిగితే పైవాళ్లు ఒప్పుకోలేదనీ, నువ్వు గొడవపడి బయటికి వచ్చేశావనీ వాడు చెప్పాడట. పిన్ని మాటల్లో సగం తీసేసి వినాలని నాకు తెలుసు. కానీ పంతొమ్మిది రోజులుగా నీ దగ్గర నుంచి "అంతా బాగుంది" అన్న రెండు మాటలు తప్ప మూడో మాట రాలేదు. అందుకే మిగిలిన సగం నన్ను పట్టుకుని వదలడం లేదు.

సరే, అది అలా ఉంచుదాం. నిన్న బీరువా సర్దుతుంటే శాంతిస్వరూప్ గారు పోయినప్పుడు కత్తిరించి దాచిన పేపరు ముక్క దొరికింది. 2024 ఏప్రిల్ 5. దూరదర్శన్‌లో మొట్టమొదట తెలుగు వార్తలు చదివిన గొంతు అది, 1983లో. టెలీప్రాంప్టర్ లేని రోజుల్లో తల ఎత్తి, మన కళ్లలోకి చూస్తూ చదివేవారు. ఆయన పోయిన సాయంత్రం ఛానెల్ మార్చినప్పుడల్లా ఆయన ముఖమే. బాలు గారు 2020 సెప్టెంబర్ 25న వెళ్లిపోయారు. 1996లో ఆయన మొదలుపెట్టిన 'పాడుతా తీయగా'ను ఇప్పుడు చరణ్ నడుపుతున్నాడు. కొత్త పిల్లలు వచ్చి అదే వేదిక మీద పాడుతుంటే అంతకు మించిన దండ ఏముంటుంది అనిపిస్తుంది నాకు.

తెర మీద కనిపించిన వాళ్లకు ఏదో ఒకటి దక్కుతుంది. ఆ ముఖాల మీద వెలుగు పడేట్టు చేసినవాడికి ఏం దక్కుతుంది? చివర పేర్లు వచ్చేటప్పుడు చదివే లోపే ప్రకటన వచ్చి పడుతుంది. మొదటిసారి మీ సీరియల్‌లో నీ పేరు పడిందని చెప్పావు, గుర్తుందా? నేను ఫోను పట్టుకుని టీవీ ముందు నిలబడ్డాను. మూడు రోజులు తప్పిపోయింది. నాలుగో రోజు దొరికింది, అదీ మసకగా. ఇప్పటికీ నా ఫోను తెరిస్తే మొదట కనిపించేది అదే.

ఆయన ఎలా పోయాడు తల్లీ? పండు గుండెపోటు అన్నాడట. పిన్నేమో షాకు అంటోంది. ముప్పై నాలుగేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసినవాడిని. లైట్‌మ్యాన్ పోయాడంటే నా మనసు ముందు కేబులు మీదికే వెళుతుంది. ఎడిటింగ్ గదిలోనే ఉంటానంటావు. కానీ సంక్రాంతికి సెట్టులో దిగిన ఫొటో పంపావు చూడు, అందులో నీ ఎడమ కాలి పక్కనే మూడు కేబుళ్లు తడి నేల మీద ఉన్నాయి. ఒకదానికి టేపు చుట్టిన జాయింటు కూడా ఉంది. పెద్దది చేసి చూశాను. అప్పుడే చెబుదామనుకుని, పండగ పూట ఎందుకులే అని ఊరుకున్నాను. నీళ్లు తగిలితే టేపు జాయింటును నమ్మకూడదు. జనరేటర్‌కు ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ఎవరో ఒకరు రోజూ చూడాలి. వానాకాలంలో రబ్బరు చెప్పులు లేకుండా సెట్టులో అడుగు పెట్టవద్దు. అమెరికాలో సారా జోన్స్ అనే అమ్మాయి గురించి చదివాను. కెమెరా అసిస్టెంటు. 2014 ఫిబ్రవరిలో రైలు వంతెన మీద సినిమా తీస్తుంటే రైలు వచ్చేసింది. ఆ తర్వాత ఎన్నో సెట్లలో పనివాళ్లు క్లాప్ బోర్డు మీద ఆమె పేరు రాసి ఫొటోలు దిగారు. ఆమెకు ఇరవై ఏడేళ్లు. వచ్చే ఆషాఢానికి నీకూ ఇరవై ఏడు నిండుతాయి. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లాక్‌డౌన్‌లో నువ్వు లాప్‌టాప్ పెట్టి చూపించినవన్నీ ఈ మధ్య గుర్తుకొస్తున్నాయి. సింప్సన్స్ కార్టూన్‌లో బోర్డు నిండా ఒకే వాక్యం రాసే పిల్లవాడు, తన టీచరుకు గొంతు ఇచ్చిన మార్షా వాలెస్ పోయాక ఒక వారం ఒక్కసారే రాశాడు, మిమ్మల్ని మరిచిపోలేం అన్నట్టుగా. నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం ఆ చీర్స్, బార్‌లో జరిగే అమెరికా కామెడీ సీరియల్. అందులో కోచ్ వేషం వేసిన నికొలస్ కొలసాంటో 1985లో పోతే, ఆయన మేకప్ గదిలో ఉన్న, అమెరికా ఆదివాసీ నాయకుడు జెరోనిమో పటాన్ని తెచ్చి బార్ సెట్టు గోడకు తగిలించారన్నావు. 1993లో ఆఖరి ఎపిసోడ్‌లో హీరో అన్నీ మూసేసి వెళ్లబోతూ ఆ పటం దగ్గర ఆగి, వంకర సరిచేసి వెళతాడు. ఒక్క మాట లేదు. నువ్వు దాన్ని వెనక్కి తిప్పి రెండుసార్లు చూపించావు. నీ కళ్లలో నీళ్లు నేను చూశాను. ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్ల ఈ పనిలో ఎవరినీ ఊరికే మరిచిపోనివ్వదని.

మీ నాయనమ్మ సంగతి ఒకటి నీకు ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు అప్పుడు విజయవాడ హాస్టల్లో ఉన్నావు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. మన వీధికి కరెంటు పదకొండో రోజు వచ్చింది. ఆ రాత్రి ఏడున్నరకు ఆవిడ సీరియల్ పెట్టాం. అందులో మామగారి వేషం వేసే పెద్దాయన ఉండేవాడు. మన శ్రీకాకుళం వైపు మాట. ఆయన తెర మీదికి రాగానే నాయనమ్మ చాపుకున్న కాళ్లు ముడుచుకునేది. ఇంటికి పెద్దమనిషి వచ్చినట్టే. ఆ రోజు చూస్తే అదే కళ్లజోడు, అదే శాలువా, మనిషి వేరు. మారుస్తున్నట్టు ముందే ఒక ముక్క వేశారట. మనకు కరెంటు లేని రోజుల్లో అది పడిపోయింది.

"ఆయన కళ్లజోడు ఈయనెందుకు పెట్టుకున్నాడు?" అని అడిగింది. మార్చారమ్మా అన్నాను. "మనిషిని మార్చడమేమిటి, బల్బు మార్చినట్టు?" అంది. నాలుగు రోజులు అదే ప్రశ్న. గాలివానలో ఆయనకేమైనా అయిందేమోనని ఆవిడ భయం. మన వీధిలో చెట్లు పడిపోయి, రేకులు లేచిపోయి ఉన్నాయి కదా, ఆవిడకు లోకమంతా అలాగే ఉన్నట్టు తోచేది. ఇక తట్టుకోలేక, "ఆయన కొడుకు దగ్గరికి ఊరెళ్లాడట" అని చెప్పేశాను. నాకేమీ తెలియదు. ఆవిడను ఊరుకోబెట్టడానికి అన్నాను.

నెల తర్వాత గూట్లో పరిచిన పాత పేపరు మీద ఆయన ఫొటో ఆవిడకే కనిపించింది. సంతాప సభ వార్త. వేలు దాని మీద పెట్టి నన్ను పిలిచి, చదవమంది. చదివాను. ఏమీ అనలేదు. పెరట్లోకి వెళ్లి, ఆ చలిలో, నెత్తి మీద నుంచి రెండు బిందెల నీళ్లు పోసుకుని వచ్చింది. తడి బట్టలతోనే దీపం పెట్టింది. ఎక్కడో కాదు, టీవీ ముందు నేల మీద. నేను వైర్లు పక్కకు జరిపి కూర్చున్నాను. "నాలుగేళ్లు రోజూ మనింటికి వచ్చాడు, పోతే ఒక్కరూ చెప్పలేదు" అంది. కాసేపాగి నా వైపు తిరిగి, "నువ్వు ఊరెళ్లాడన్నావు" అంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. సీరియల్ మాత్రం ఆ తర్వాత కూడా చూసింది. కొత్తాయన వచ్చినప్పుడు కాళ్లు ముడుచుకోలేదు, అంతే.

అమెరికా పిల్లల టీవీ కార్యక్రమం సెసమీ స్ట్రీట్ సంగతి నువ్వు చెప్పినప్పుడు నాకు వెంటనే అదే గుర్తొచ్చింది, నోరు మాత్రం రాలేదు. కొట్టు తాత హూపర్ వేషం వేసిన విల్ లీ 1982 డిసెంబర్‌లో పోతే, ఊరు మారాడనో పని మానేశాడనో చెప్పవచ్చు. చూసేది చిన్న పిల్లలు. కానీ వాళ్లు అలా చెప్పలేదు. నిపుణులను అడిగి, ఆలోచించి, 1983 నవంబర్‌లో ఆ ఎపిసోడ్ వేశారు. ఆ పెద్ద పసుపు పక్షి అందరి బొమ్మలూ గీసి పంచుతూ హూపర్‌కు గీసినది పట్టుకుని ఎదురుచూస్తుంది. ఆయన ఇక రాడు అని పెద్దవాళ్లు దానికి చెబుతారు. అంత చిన్న పిల్లలకు నిజం చెప్పగలిగారు. నేను డెబ్బై ఎనిమిదేళ్ల మా అమ్మకు చెప్పలేకపోయాను.

అందుకే అంటున్నాను, నువ్వు అడిగింది తప్పు కాదు. రోజూ చూసేవాళ్లకూ, ఆయనతో పనిచేసినవాళ్లకూ తెలియాలి. అయితే అడిగే పద్ధతి ఒకటి ఉంటుంది. గొంతు పెంచితే విషయం పక్కకు పోయి నీ గొంతే మిగులుతుంది. కాగితం మీద రాసి ఇవ్వు. లైట్ల వాళ్లందరి సంతకాలు తీసుకో. ఒప్పుకుంటే గుర్తింపు కార్డు ఫొటో వేయవద్దు, ఇంట్లోవాళ్లను అడిగి వాళ్లకు ఇష్టమైనది వేయండి. ఒప్పుకోకపోతే క్లాప్ బోర్డు మీ చేతుల్లోనే ఉంది కదా. అన్నిటికంటే ముందు ఆయన ఇంటికి వెళ్లిరా. రావలసిన బేటా (రోజు భత్యం), యూనియన్ డబ్బు ముట్టిందో లేదో కనుక్కో. భోజనం వేళ వెళ్లకు, వాళ్లకు ఇబ్బంది.

ఉద్యోగం ఉందా లేదా అని నేను అడగడం లేదు. లేకపోతే గది అద్దె ఒకటో తారీఖుకు నేను పంపుతాను, దాని గురించి ఆలోచించకు. కానీ "అంతా బాగుంది" అని మాత్రం రాయకు. నేను మా అమ్మతో "ఊరెళ్లాడు" అన్నది అలాంటి మాటే. బాగుండకపోతే బాగాలేదని రాయి. శుక్రవారం గోదావరికి ఎక్కి వచ్చేసినా సరే, స్టేషనుకు నేను వస్తాను. ఎదురింటి అబ్బాయి మంగళవారం అక్కడికి వస్తున్నాడు. మాడుగుల హల్వా, కొత్త రబ్బరు చెప్పులు, మీ అమ్మ చేసిన కందిపొడి పంపుతున్నాం. చెప్పులు ఒక సైజు పెద్దవే తీసుకున్నాను, మేజోళ్లతో వేసుకోవచ్చు.

వచ్చే ఆదివారం మహాలయ అమావాస్య. తాతకూ నాయనమ్మకూ నీళ్లు వదులుతాను. మీ లైట్‌మ్యాన్‌కు కూడా వదలాలని అనుకుంటున్నాను. ఆయన ఎవరైనా, ఏ ఇంటివాడైనా నీళ్లకు అడ్డేముంది. కానీ పిన్ని ఎంతసేపూ లైట్‌మ్యాన్ అంది తప్ప పేరు చెప్పలేదు. పండుకూ తెలియదట. ఆయన పేరు రాసి పంపు తల్లీ, శనివారం రాత్రి లోపు.

మీ నాన్న