వసంతకు, పాపాయి గది సంగతులు

విశాఖపట్నం

ప్రియమైన వసంతా,

నీ ఉత్తరం అందింది. పేజీల నిండా ప్రశ్నలే! డాలస్‌లో మీ అమ్మాయి పుట్టబోయే బిడ్డకు గది సర్దుతోందనీ, దుకాణంలో ఒకే రంగులో ఒకే బొమ్మతో దొరికే సెట్టు మొత్తం కొనేస్తే పని తేలికగా అయిపోతుందని అల్లుడు అంటున్నాడనీ రాశావు. అప్పుడే కొననివ్వకు వసంతా. నువ్వు పురుటికి వెళ్తున్నావు కదా, నీ సూట్‌కేసుల్లోనే సగం గది పడుతుంది. ఇక్కడ మా అమ్మాయి సంధ్య గదిని మనవరాలికి ఎలా సర్దామో వివరంగా రాస్తాను. నీకు నచ్చినవి తీసుకో, మిగిలినవి వదిలెయ్.

ముందు గోడలు. వాటిని తెల్లగానే ఉంచాం. ఆడపిల్లకు గులాబీ, మగపిల్లవాడికి నీలం అనే పద్ధతి నాకు మొదటి నుంచీ నచ్చదు. గోడంతా ఒక రంగు పులిమేస్తే ఇక ఆ గదిలో ఏ వస్తువు తెచ్చినా ఆ రంగుకు లొంగి ఉండాల్సిందే. మీ అమ్మాయిది అద్దె ఇల్లు కాబట్టి గోడల జోలికి వెళ్లే పని ఎలాగూ లేదు, మంచిదే. రంగులన్నీ వస్తువుల నుంచి రావాలి. అవన్నీ ఒకదానికొకటి కలుస్తాయా అని అడిగావు. ఎందుకు కలవవు? మన చీరల్లో చిలకపచ్చ పక్కన వంగపండు రంగు, పసుపు పక్కన ఎరుపు ఎన్నడైనా పోట్లాడుకున్నాయా?

రంగుల కోసం నేను మొదట తెరిచింది బీరువా అడుగు అర. తాంబూలాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు నీ దగ్గరా గుట్టగా ఉంటాయి. మనం కుట్టించుకోం, ఇంకొకరికి పెట్టేద్దాం అనుకుంటూ దాచేస్తాం. వాటిలో నూలువి మాత్రం ఏరి, ఒక్కొక్కదాన్నీ విడిగా నీళ్లలో నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతికాను. రంగు కారేవాటిని పక్కన పెట్టేశాను, పసిపిల్ల వాటిని నోట్లో పెట్టుకుంటుంది కదా. మిగిలినవాటితో గుమ్మం పైన తోరణం, కిటికీ తెర అంచు, చిన్న చిన్న చిలకలు కుట్టాం. చిలకల్లో దూది కూరి, కళ్లకు గుండీలు పెట్టకుండా దారంతోనే కుట్టాం. గుండీ ఊడితే బిడ్డ గొంతులో పడుతుంది. ఏ పెళ్లిలో ఏ ముక్క వచ్చిందో సంధ్యకు చెబుతూ కుట్టడం నాకు ఎంత హాయిగా అనిపించిందో!

తర్వాత బొంత. మా అమ్మ మంగళగిరి చీరలు రెండు, అత్తగారి వెంకటగిరి చీర ఒకటి, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయినవి, పొరలుగా పరిచి కుట్టాను. పైన అమ్మ ఆకుపచ్చ చీర, చుట్టూ దాని జరీ లేని అంచు. జరీ పసిపిల్లల చర్మాన్ని గీరుతుంది, కాబట్టి కత్తిరించి తీసేశాను. ఆ బొంతను నేల మీదే పరుస్తాం. మెలకువగా ఉన్నప్పుడు పాపను దాని మీద బోర్లా పడుకోబెట్టి పక్కనే కూర్చుంటాం. నిద్రపోయే చోట మాత్రం బొంతలు, దిండ్లు, మెత్తటి బొమ్మలు ఏవీ ఉండకూడదు. గట్టి పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన పక్క దుప్పటి ఒక్కటే, కప్పేవి వద్దు, అంతే. మొదటి ఏడాది నిండేదాకా ఈ విషయంలో మెత్తబడకు. తొట్టి చుట్టూ లోపలి వైపు కట్టే మెత్తలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి గానీ, ఊపిరి ఆడకుండా చేస్తాయని అమెరికాలో వాటి అమ్మకాన్నే 2022లో చట్టం చేసి ఆపేశారు. ఎవరైనా కానుకగా కుట్టి ఇస్తే తీసుకుని గోడకు తగిలించమను. బొంత కూడా గోడ మీద ఎంతో బాగుంటుంది. తొట్టికి దూరంగా, చేతికి అందనంత ఎత్తులో తగిలించాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. మా ఊరి నుంచి ఏటికొప్పాక ఎంత దూరమని! ఎలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున. సంధ్యను పురుటికి తీసుకురాకముందే వెళ్లి గిలక్కాయలు, బొంగరాలు, లక్కపిడతలు, మూడు చక్రాల నడక బండి తెచ్చాను. అక్కడ కూర్చుని పని చూస్తుంటే లేవాలనిపించదు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కుతారు. ఆ తిరుగుతున్న కర్రకే రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టేస్తుంది. కుంచె లేదు, తడి లేదు. ఆఖరున మొగలి ఆకుతో అదిమి పట్టి మెరుగు పెడతారు. పసుపు రంగు పసుపు కొమ్ముల నుంచే వస్తుంది, నారింజ జాఫ్రా గింజల నుంచి, నీలం నీలిమందు నుంచి. ఒకప్పుడు రసాయన రంగులు ముంచెత్తిన చోట ఈ సహజ రంగుల్ని మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ఊరి పనికే చెందుతుందన్న హక్కు, 2017లోనే దక్కింది. అయినా కొనేటప్పుడు అడిగి తీసుకో. ఆ పేరుతో బయట అమ్మేవన్నీ సహజ రంగులవే అనుకోకూడదు. అడిగితే తయారుచేసినవాళ్లు దాపరికం లేకుండా చెబుతారు, ఏ రంగు దేనితో వచ్చిందో కూడా వివరిస్తారు.

గిలక్కాయ విషయంలో నా నియమం ఒకటే. పాప నోట్లో పెట్టుకునేది అతుకులు లేనిదీ, ఊడిపోయే ముక్కలు లేనిదీ కావాలి. అందుకే రెండు రింగులు ఒకే కర్రలోంచి తీసిన రకం ఎంచాను. నడక బండి ఇప్పుడు కిటికీ కింద నిలబడి ఉంది, దాని రోజు వచ్చినప్పుడు పనిలోకి దిగుతుంది.

కొండపల్లి బొమ్మల సంగతి వేరు. అవి తెల్ల పొణికి కర్రతో చేసినవి, ముక్కల్ని చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు, పైన రంగులు పూస్తారు. చంటిపిల్లలు చప్పరించే వస్తువులు కావవి. కానీ కంటికి పండుగ! మా ఇంట్లో అత్తగారి నాటి బొమ్మల కొలువు పెట్టె ఉంది. అంబారీ ఏనుగు, ఎడ్ల బండి, తాడిచెట్టు ఎక్కుతున్న మనిషి, దశావతారాలు. సంక్రాంతికి మూడు రోజులు బయటికి వచ్చి, మళ్లీ పాత గుడ్డల్లో చుట్టుకుని ఏడాదంతా చీకట్లో ఉండేవి. ఇప్పుడు గోడకు ఎత్తుగా కొట్టిన అర మీద వరుసగా నిలబెట్టాం. పాత వస్తువు పనిచేస్తూ ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను వసంతా. దాచిపెట్టినది పాడవుతుంది, వాడుకలో ఉన్నది బతుకుతుంది. ఒక్క విషయం మరిచిపోకు. పాత బొమ్మలకు, పూసల దండలకు గురివింద గింజలు ఉన్నాయేమో వెతుకు. ఎర్రగా నల్లటి చుక్కతో ముద్దుగా ఉంటాయి గానీ, నమిలితే ప్రాణాంతకమైన విషం. అలాంటివి పిల్లలున్న గదిలో ఎంత ఎత్తున ఉన్నా నేను ఒప్పుకోను.

మా పాత టేకు ఊయల తొట్టి గురించి అడిగావు. అందరూ పాపను దానిలోనే పడుకోబెట్టమన్నారు. సంధ్య నాన్న, మేనత్త, సంధ్య, అందరూ ఊగిన తొట్టి అది. కానీ ఏళ్ల తరబడి పొర మీద పొరగా వేసిన రంగు దానికి. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం (లెడ్) అనే విషపు లోహం పది లక్షల పాళ్లలో 90కి మించకూడదని 2016లో నిబంధన తెచ్చి, 2017 నవంబర్ నుంచి అమలు చేశారు. అంతకు ముందు డబ్బాలో ఏముందో ఎవరికి తెలుసు? పసిపిల్లల మెదడుకు సీసం చేసే హాని తీరేది కాదు. రంగు గీకేద్దామా అంటే ఆ దుమ్ము మరీ ప్రమాదం. అందుకని దాన్ని ముట్టకుండా ముందు గదిలో మొక్కల కుండీలకు ఇచ్చేసి, పాపకు కొత్త తొట్టి కొన్నాం. కొలతలు కూడా చూశాం. ఊచల మధ్య ఆరు సెంటీమీటర్లకు మించి సందు ఉండకూడదు, అంటే కూల్‌డ్రింక్ డబ్బా దూరకూడదు. మీ అమ్మాయి డాలస్‌లో పాత సామాన్ల దుకాణంలో తొట్టి చూస్తే, పక్క గోడ కిందికి జారే రకం మాత్రం వద్దను. అలాంటివాటిని అక్కడ 2011లో నిషేధించారు. పాత కుర్చీ కొనుక్కోమను, బల్ల కొనుక్కోమను, అద్దం కొనుక్కోమను. తొట్టి మాత్రం కొత్తదే.

నా హాస్టల్ ట్రంకు పెట్టె గుర్తుందా, నీలం రంగుది, మూత మీద నా పేరు ఉన్నది? మూత విప్పేసి, తుప్పు అంచులకు నాడా కుట్టి, లోపల కలంకారీ గుడ్డ పరిచి గుడ్డల బుట్టగా పెట్టాం. మూతతోనే వాడాలనుకుంటే అది ఠపీమని పడకుండా పట్టి ఉంచే బందు వేయించాలి. తాటాకు బుట్టలు, చేట, వెదురు జల్లెడ గోడ మీద చేరాయి. చేటలో సంధ్య ఎరుపు, తెలుపు రంగులతో ముగ్గు వేసింది.

ముగ్గు అంటే చెప్పాలి. మొదటి నెలల్లో పాప చూపు ఇరవై ముప్పై సెంటీమీటర్ల దూరందే, రంగులు ఇంకా సరిగా అందవు, నలుపు తెలుపుల మధ్య తేడానే బాగా తెలుస్తుంది. అందుకని సంధ్య నల్లటి అట్టల మీద తెల్లటి చుక్కల ముగ్గులు వేసింది. తామర పువ్వు, నెమలి, మెలిక ముగ్గు. ఎత్తుకున్నప్పుడు వాటిని ఎదురుగా పట్టుకుంటే పాప కదలకుండా మెలిక ముగ్గునే చూస్తుంది. ఈ మధ్య పసుపు చిలక మీదికి చూపు మళ్లుతోంది. ముందు ముందు అర మీదున్న ఏనుగు వంతు.

నీ సూట్‌కేసు సంగతి చెబుతాను. బొంత ఒకటి, జాకెట్టు ముక్కలు అన్నీ (అక్కడ కూర్చుని తల్లీ కూతుళ్లు కుట్టుకోండి), ఏటికొప్పాక గిలక్కాయలు, పెడన అచ్చు కలంకారీ గుడ్డ తెరకు. నిమ్మలకుంట తోలుబొమ్మ ఒకటి తీసుకెళ్లు, కాగితంలా చదునుగా పడుకుంటుంది, వెనక చిన్న ఎల్‌ఈడీ దీపం పెడితే ఎరుపూ ఆకుపచ్చా వెలిగిపోతాయి. అద్దె గోడలకు మేకులు కొట్టనివ్వకపోతే అంటించి తీసేసే కొక్కేలు అక్కడ దొరుకుతాయి. కానీ వాటి మీద గుడ్డలే తగిలించమను, బరువైనవి వద్దు.

మీ అమ్మగారు గాజు పూసలతో అల్లిన గుమ్మం తోరణం, రెండు చిలకలు ఎదురెదురుగా ఉన్నది, ఇంకా ఉందా? ఉంటే నాకు పంపు. ఇన్నేళ్లకు ఆ దారం పీచుపీచు అయి ఉంటుంది, ఒక్క పూస రాలినా బిడ్డకు ప్రమాదమే. పూసలన్నీ కడిగి, వరుస చెడకుండా నైలాన్ దారానికి ఎక్కించి నీ ప్రయాణానికి ముందే తిరిగి పంపిస్తాను. తొట్టికి ఎదుటి గోడన, తలుపు నెత్తిన కట్టమను. టికెట్ ఏ తేదీకో వెంటనే రాయి, దాన్ని బట్టి పని మొదలుపెడతాను.

నీ
పద్మ