మా సినిమా కోసం మగ్గాలు ఆపినవాళ్లకు

మా డిప్లొమా సినిమా ఫైనల్ మిక్స్ అయిపోయింది, కాలేజీకి ఇచ్చేశాం, జ్యూరీ చూసింది, పాసయ్యాం. ఇంతవరకు చెప్పి ఊరుకోవచ్చు. కానీ షూటింగ్‌కి ముందు ఇక్కడే సాయం అడుగుతూ నేను పెట్టిన పోస్టు చూసి, ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా డబ్బులు పంపారు. కొందరు ఫోన్ నంబర్లు ఇచ్చారు, కొందరు ఉత్తినే ధైర్యం చెప్పారు. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో, ఆ నంబర్లు నన్ను ఎవరి దగ్గరికి చేర్చాయో మీకు చెప్పాలి కదా. పోస్టు పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

కొత్తవాళ్ల కోసం ఒక ముక్క. మాది విజయనగరం జిల్లా. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఫిల్మ్ అండ్ మీడియా కాలేజీలో సౌండ్ చదివాను. పేరు రాయను, అవసరం లేదు. సౌండ్ కోర్సు అంటే పాటలు నేర్పేదనుకుని, ఆర్టీసీలో కండక్టర్ అయిన మా నాన్న చాలా కాలం చుట్టాలందరికీ "అమ్మాయి సంగీతంలో ఉంది" అని చెప్పుకున్నారు. ఇప్పుడు "సినిమాల్లో మైకు పట్టుకుంటుంది" అంటున్నారు. అది నిజమే.

మా బ్యాచ్‌లో డైరెక్షన్ చదివిన స్నేహితురాలిది ఈ కథ. పోచంపల్లిలో ఆసు పోసే ఒక ముసలావిడ ఉంటుంది. ఇంట్లోకి ఆసు మిషన్ వస్తుంది. ఆవిడ చేతికి పని పోతుంది, కానీ చెయ్యి మాత్రం ఊరుకోదు. ఇంతే కథ, ఇరవై నిమిషాల సినిమా.

ఆసు అంటే తెలియనివాళ్లకు చెప్తాను. పోచంపల్లి చీరకు నేతకంటే ముందే డిజైన్ పడాలి. అందుకని పేక నూలును, అంటే చీరకు అడ్డంగా పడే దారాన్ని, అర్ధచంద్రాకారంలో కొట్టిన మేకుల మీద ఒక లెక్క ప్రకారం అటూ ఇటూ చుట్టాలి. ఆ తర్వాతే గీతలు గీసి, చిటికి కట్టి (రంగు అంటకూడని చోట బిగించి కట్టి), రంగులో ముంచుతారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు పోయి రావాలని లెక్క. ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే చేసేవాళ్లు. ఆలేరు దగ్గర షారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు మిషన్ తయారుచేసి, దానికి ఆవిడ పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కాబట్టి మా కథలో మిషన్ విలన్ కాదు. ఆ విషయంలో మా డైరెక్టర్‌కీ నాకూ ముందునుంచీ ఒకటే మాట.

ఇక నా తిప్పలు. మిషన్ మోటారు మోతను ఎవరైనా రికార్డు చేస్తారు. చేత్తో ఆసు పోస్తుంటే వచ్చే చప్పుడు ఎంతంటే, పక్క గదిలో ఫ్యాన్ తిరిగితే అందులో కలిసిపోయేంత. దారం మేకును రాసుకుంటూ పోయే చిన్న సర్రుమనే శబ్దం, మధ్యలో గాజులు తగలడం, ఆవిడ ఊపిరి. నాకు కావాల్సింది అదే. ఆ ముసలావిడ వేషం వేసింది నటి కాదు, నలభై ఏళ్లు ఆసు పోసిన అవ్వే. తెలుగులో ఇప్పటికీ ఎక్కువ సినిమాలకు డైలాగులు డబ్బింగ్ థియేటర్లోనే చెప్పిస్తారు. ఈ అవ్వను అద్దం గదిలో నిలబెట్టి, తెర మీద పెదాలు చూస్తూ మళ్లీ చెప్పమంటే ఆ మాట వస్తుందా? రాదు. అందుకని లొకేషన్‌లోనే సౌండ్ పట్టాలని నిర్ణయించుకున్నాం.

అదే టైముకు కాలేజీలో ఇంకో బ్యాచ్ ప్రాజెక్టు కూడా పడింది. ఉన్న మంచి రికార్డర్ వాళ్లకు వెళ్లింది. మమ్మల్ని బయట అద్దెకు తెచ్చుకోమన్నారు. లక్షల్లో ఫీజు కట్టాక ఆ మాట వింటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నేను సాయం అడుగుతూ పోస్టు పెట్టింది ఆ రోజు రాత్రే.

మీలో ఒకరు ఇచ్చిన నంబరు కృష్ణానగర్‌లో ఒక సౌండ్ రికార్డిస్ట్ అన్నది. ఇండస్ట్రీలో చాలా ఏళ్లుగా ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు. ఫోన్లో కథంతా విని, "ఆసు చప్పుడా? దాని కోసం మైకు కాదు, ఊరు కావాలమ్మా" అన్నాడు. తన సొంత రికార్డర్, బూమ్ (పొడుగు కర్రకు తగిలించిన మైకు), రెండు కాలర్ మైకులు తెచ్చి ఇచ్చాడు. అద్దె ఎంతని అడిగితే తిట్టాడు. షూటింగ్ లేని రోజు చూసుకుని మాతోపాటు పోచంపల్లి వచ్చాడు.

నేను రెండేళ్లు క్లాసులో నేర్చుకున్నది అన్న మధ్యాహ్నం లోపు చేతికి ఎక్కించాడు. బూమ్ పట్టుకునేటప్పుడు మోచేతులు లాక్ చెయ్యకూడదని, బరువు భుజాల మీదికి కాకుండా నడుము మీదికి పోవాలని, చేతికి గాజు ఉంటే తీసెయ్యాలని. ఒకటి మాత్రం నేను చచ్చినా మర్చిపోను. టేక్ ముందు ఇంట్లో ఫ్రిజ్ ఆఫ్ చేయించి, మా వ్యాన్ తాళాలు తీసి ఆ ఫ్రిజ్‌లో పెట్టాడు. నేను పిచ్చి మొహం వేసుకుని చూస్తే, "ఫ్రిజ్ ఆన్ చెయ్యడం మర్చిపోయి వెళ్లిపోతే వాళ్ల పాలు విరిగిపోతాయి. తాళాల కోసమైనా మళ్లీ ఇక్కడికే రావాలి కదా" అన్నాడు. ఎదుటివాళ్ల ఇంట్లో పని చేసుకునేటప్పుడు ఎలా ఉండాలో ఏ సిలబస్‌లోనూ చూడలేదు.

ఆ గల్లీలో ఇంటింటికీ మగ్గం ఉంది. గుంట మగ్గం కాబట్టి పన్నె (పేకను దగ్గరికి కొట్టే దువ్వెన లాంటిది) దెబ్బ పడినప్పుడల్లా ఆ అదురు నేలలోంచి, గోడల్లోంచి వస్తుంది. ఒక్కో మగ్గానిది ఒక్కో వేగం. చెవికి బాగానే ఉంటుంది. కానీ రెండు షాట్లు కోసి అతికిస్తే వెనక దెబ్బ మధ్యలో తెగుతుంది, చూసేవాళ్లకు ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది. మగ్గం చప్పుడు కావాలంటే తర్వాత విడిగా కలుపుకోవచ్చు. డైలాగులోంచి దాన్ని తీసేయడం మాత్రం నా వల్ల కాదు. అంటే టేక్ నడుస్తున్నంతసేపు గల్లీ మొత్తం మగ్గాలు ఆపాలి.

ఎలా అడగాలి? వాళ్లకు నెల జీతం ఉండదు. నేసిన దాన్ని బట్టి కూలి. మగ్గం ఆగితే ఆ పూట సంపాదన కూడా ఆగుతుంది. మా డైరెక్టర్ నోరు పెగల్లేదు, నాకూ రాలేదు. అవ్వ కొడుకే లేచి ఇంటింటికీ వెళ్లి చెప్పి వచ్చాడు. ఒక్కరు కూడా కాదనలేదు. చివరింటి పెద్దాయన ఒక్కడే, "మా పద్మశాలోళ్ల గల్లీల మగ్గం చప్పుడు లేకుంటే ఎవలో పోయిన్రనుకుంటరు, జల్ది కానియ్యిన్రి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడులెండి.

గల్లీ చివర పిల్లలు నిలబడి బైకులు ఆపారు. వాళ్ల ఉత్సాహం చూస్తే టేక్ అయిపోయాక కూడా బండ్లను వదిలేటట్టు లేరు. గుడి దగ్గర మైకు పెట్టిన కుర్రాళ్లు దాన్ని ఆపేశారు. అప్పుడు నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని లెవెల్ పెంచాను.

అవ్వ ఆసు దగ్గర కూర్చుని దారం పట్టుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం నున్నగా, గట్టిగా ఉంది. దారం అక్కడినుంచే జారుతుంది. చెయ్యి పోతున్నప్పుడు ఒక సవ్వడి, తిరిగి వస్తున్నప్పుడు ఇంకో సవ్వడి. మేకు చుట్టూ తిరిగే చోట ఒక్క క్షణం ఏమీ వినిపించదు. అది నేను ఊహించలేదు. కళ్లతో చూస్తే ఆ ఆగడం కనిపించనే కనిపించదు. మూడో టేక్ తర్వాత అవ్వ నా వైపు తిరిగి, "ఏం బిడ్డా, నీ చెవులకు ఇంకా ఆకలి తీరలేదా?" అంది. రికార్డిస్ట్ అన్న నవ్వితే ఆ టేక్ చివర నవ్వు కూడా రికార్డయింది. దాన్ని దాచుకున్నాను.

డబ్బు సంగతికి వస్తాను. మీరు పంపినది అద్దెల కోసం. అద్దె అన్న తీసుకోలేదు, కాబట్టి అది మిగిలింది. సాయంత్రం ప్యాకప్ అయ్యాక అన్నే ఒక కాగితం తీసి, మగ్గం ఆపిన ఇళ్లన్నీ వరుసగా రాయించి, ఒక్కో ఇంటికి బేటా, అంటే ఆ రోజు భత్యం, వేశాడు. సినిమా వాళ్లకు తెలుసు, సెట్‌లో టీ ఇచ్చే కుర్రాడి దగ్గర్నుంచి లైట్‌మన్ దాకా సాయంత్రానికి బేటా చేతిలో పడాలి. వాళ్లు వద్దంటే వద్దన్నారు. "మా ఇంటికొచ్చిన పిల్లల దగ్గర పైసలేంది" అని ఒకావిడ గట్టిగానే కోప్పడింది. అన్న వినలేదు. "అమ్మా, మీరు చప్పుడు చేయకుండా ఉండటం మా సినిమాలో డ్యూటీ. డ్యూటీ చేసినోళ్లకు బేటా ఇవ్వకపోతే నాకు యూనియన్లో మొహం చెల్లదు" అన్నాడు. ఆ మాటకు మెత్తబడ్డారు. కొందరు తీసుకున్నారు, ఇద్దరు మాత్రం ఎంత చెప్పినా ముట్టుకోలేదు. వాళ్ల వాటా, ఇంకా మిగిలింది కలిపి అవ్వకు ఇచ్చాం. డబ్బు పంపిన ప్రతి ఒక్కరికీ లెక్క కాగితం ఫొటో విడిగా పంపాను. అందనివాళ్లు చెప్పండి.

పోస్ట్ ప్రొడక్షన్‌లో చేసిన సాయం కూడా తక్కువేమీ కాదు. ఫోలీ, అంటే అడుగుల చప్పుడు లాంటివి తెర చూస్తూ మళ్లీ చేసే పని, చేసిన పెద్దాయన పెట్టెలో పాత చెప్పులు, గవ్వలు, టార్పాలిన్ ముక్క, ఇంత ఇసక. మా అవ్వ నడక ఒక్కసారి చూసి, "ఈమెకు కుడి మోకాలు నొప్పి" అన్నాడు. అలాగే కుడికాలు కొంచెం ఈడ్చి నడిచాడు. తెర మీద చూస్తే అవ్వే నడుస్తున్నట్టుంది. ఒక సీనియర్ అక్క తను పనిచేసే స్టూడియోలో వేరే సినిమా డబ్బింగ్ ముగిశాక రాత్రిళ్లు మాకు మిక్స్ చేసుకోవడానికి టైమ్ ఇప్పించింది. అక్కా, నీకు నిద్ర బాకీ ఉన్నాను.

మా కాలేజీలో కూడా థ్యాంక్స్ చెప్పాల్సినవాళ్లు ఉన్నారు, లేకపోతే తప్పు. రికార్డర్ ఇవ్వలేకపోయినందుకు మాకంటే ఎక్కువ బాధపడ్డది ఎక్విప్‌మెంట్ రూమ్ అన్న. తన చేతిలో ఉన్న బ్యాటరీలు, కేబుళ్లు, గాలి అడ్డుకునే బొచ్చు కవరు అన్నీ సంచిలో సర్ది పంపాడు. మా సౌండ్ సార్ ప్రతి టేక్ తర్వాత ఖాళీ గది చప్పుడు ఒక నిమిషం పట్టమని మొదటి సంవత్సరం నుంచీ మా ప్రాణాలు తోడేశారు. మిక్స్‌లో అతుకులు కనపడకుండా కాపాడింది ఆ నిమిషమే.

చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు మెసేజ్ చేసి ప్రైవేటు ఫిల్మ్ స్కూల్లో చేరాలా వద్దా అని అడుగుతున్నారు. పూణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1960లో, కోల్‌కతాది 1995లో మొదలయ్యాయి. రెండూ ప్రభుత్వానివే, సీట్లు తక్కువ, ఎంట్రన్స్ గట్టిగా ఉంటుంది. పూణెలో సౌండ్ చదివిన రసూల్ పూకుట్టికి 2009లో ఆస్కార్ వచ్చాక మాలాంటి పిల్లలకు ఇలాంటి కోర్సు ఒకటుందని తెలిసింది. అక్కడ రాకపోతే ప్రైవేటులో చేరడం తప్పేమీ కాదు, నేను చేరాను. కానీ ఫీజు కట్టేముందు బిల్డింగూ, గోడల మీద పోస్టర్లూ చూసి మురిసిపోకండి. ఫైనలియర్ వాళ్లను క్యాంటీన్లో పట్టుకుని, షూటింగ్‌లు ఒకేసారి పడితే ఎంతమందికి రికార్డర్లు, లెన్సులు అందుతాయో అడగండి. చెప్పకుండా నవ్వితే అర్థం చేసుకోండి.

మా డైరెక్టర్‌కీ, కెమెరా, ఎడిటింగ్ చేసినవాళ్లకీ విడిగా చెప్పను, వాళ్లకు చెప్తే కొడతారు. యూసఫ్‌గూడ హాస్టల్ ఆంటీకి మాత్రం చెప్పాలి. తెల్లవారుజామున గేటు తీసి ఒక్కసారి కూడా ఎక్కడికెళ్లావని అడగలేదు.

వచ్చే నెల పోచంపల్లిలో అవ్వ గల్లీలోనే సినిమా వేస్తున్నాం. తెర దొరికింది, ప్రొజెక్టర్ దొరకలేదు. ఒక్క సాయంత్రానికి ఎవరైనా ఇవ్వగలిగితే చెప్పండి, తెచ్చేదీ తిరిగి ఇచ్చేదీ మేమే. అలాగే మేం విడిగా రికార్డు చేసిన మగ్గం, కండెలు, ఆసు శబ్దాలన్నీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో నా దగ్గర ఉన్నాయి. ఏ కాలేజీ విద్యార్థికి కావాలన్నా ఇస్తాను, డబ్బు వద్దు. వాడుకుంటే టైటిల్స్‌లో పోచంపల్లి నేతకారులకు కృతజ్ఞతలు అని వెయ్యండి, ఆ లింకు నాకు పంపితే గల్లీలో వాళ్లకు చూపిస్తాను.