కాలనీ సంక్షేమ సంఘం, తిరుపతి: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. వీధిదీపాలు, మంచినీళ్ల పైపు, వినాయక చవితి పందిరి ఖర్చుల పద్దులు విడిగా ఇచ్చాం. కమ్యూనిటీ హాల్లో నడిచే సాయంత్రం బడి గురించి చాలామంది అడిగారు, అందుకే ఈసారి దాని గురించే కాస్త ఎక్కువ రాస్తున్నాం.

వచ్చేవాళ్లంతా ఎనిమిదేళ్ల లోపు పిలకాయలు. లాడ్జీల్లో, హోటళ్లలో డ్యూటీలు చేసే తల్లిదండ్రులకు దగ్గర కూర్చోబెట్టుకుని చదివించే తీరిక లేదు. మూడో తరగతి అయ్యేలోపు చదవడం, రాయడం రావాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా చెబుతోంది.

"అ ఆలు వరుసగా ఎందుకు చెప్పరు?" అని కొందరు నిలదీశారు. వరుస పాటలా రోజూ పాడిస్తూనే ఉన్నాం. కానీ ఌలు, ఙలు అన్నీ దిద్దేదాకా ఒక్క మాటా చదవలేకపోతే ఆ పిల్లవాడికి చదువు మీద ఆశ ఎక్కడుంటుంది? అందుకే గుణింతం, ఒత్తు లేని తల, పలక, గడప లాంటి మాటలతో మొదలుపెట్టాం.

అందరినీ సతాయించింది ప, వ. ఒక పాప పలకను ఎప్పుడూ 'వలక' అనేది. టీచరమ్మ రెండక్షరాలూ బలపంతో పెద్దగా రాసి, తలకట్టు దగ్గర ఆ పాప వేలు పెట్టించి, "ఇదిగో, ప దగ్గర సందుంది, చీమ దూరుతుంది. వ దగ్గర దూరలేదు" అంది. ఆ తర్వాత చీమ కోసం వెతకనిదే ఎవరూ ప చదవలేదు! జ, ట, ణ, బ, ల లకు అసలు తలకట్టే ఉండదు. పెద్దవాళ్లలో ఎంతమంది గమనించారో గానీ, పిల్లలు మాత్రం బ నెత్తిన కూడా ఒకటి తగిలించేస్తారు.

ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు మన దగ్గర తక్కువేం కాదు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఒకబ్బాయి గడపను 'కడప' అని చదివితే మిగతావాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లతో సహా అందరిచేత రెండు మాటలూ పలికించాం. తేడా చెవికి పట్టాకే రాయించాం.

చేతిరాత విషయంలో హోంవర్క్ ఇవ్వడం లేదని కొంతమంది తల్లులు టెన్షన్ పడ్డారు. ఒకే మాటను పేజీ నిండా రాయిస్తే కింది వరుసలకొచ్చేసరికి అక్షరం వంకరపోతుంది, చేతికి ఆ వంకరే అలవాటవుతుంది. పెన్సిల్‌ను పిడికిలితో పట్టేవాళ్లకు ముందు పిండి పిసకడం, చుక్కల ముగ్గు కలపడం పెట్టాం. మన అక్షరాలు చాలావరకు గుండ్రాలే కదా.

బస్సు బోర్డుల్లో 'తిరుమల' ఇప్పుడు చాలామంది చదివేస్తున్నారు. చిత్తూరు, పుత్తూరు దగ్గర త ఒత్తు చూసి ఆగుతున్నారు. శ్రీకాళహస్తికి ఇంకా టైముంది.

హాలుకు ఇంకో ఫ్యాను, తాళం పడే బీరువా కావాలి. బొమ్మల కథల పుస్తకాలు పాతవైనా ఇవ్వండి. దసరాకు అక్షరాభ్యాసం హాల్లోనే జరపాలని కార్యవర్గం తీర్మానించింది. పలకలు సంఘమే ఇస్తుంది, పేర్లు కార్యదర్శి దగ్గర ముందుగా రాయించండి.