గట్టమ్మ గుడి కాడి అమ్మకు, ఇంకా అందరికీ దండాలు

తోటి డ్రైవర్ అన్నలకు, దోస్తులకు నమస్తే. నిన్ననే దవాఖాన నుంచి ఇంటికొచ్చిన. చేతులింకా వణుకుతనే ఉన్నయి. అయినా ఇయ్యాల రాయకుంటే మళ్లీ పనిల పడి రాయలేనేమోనని రాస్తున్న. ఫోన్లు చేసినోళ్లందరితోని మాట్లాడలేకపోయిన, ఏమనుకోకుండ్రి.

నాకు గుండెపోటు వచ్చిందని చాలామంది అనుకున్నరట. నేను గూడ అట్లనే అనుకున్న. ఏటూరునాగారం దిక్కు నుంచి ఇసుక లోడుతోని హన్మకొండకు వస్తున్న. తాడ్వాయి అడవి దాటేసరికే కండ్లు మంటలు. ములుగు దాటినంక గట్టమ్మ గుడి కాడ ఎప్పటిలెక్క దండం పెట్టుకుందామని బండి ఆపి దిగిన. మళ్లీ ఎక్కుదామంటే కాలు మెట్టు మీదికి లేస్తలేదు. ఛాతి బిగవట్టింది, ఒళ్లంత చెమటలు, ఊపిరి ఆడ్తలేదు. డోరు పట్టుకొని అట్లనే నిలవడ్డ.

అక్కడ చాయ్ హోటల్ నడిపే అమ్మ చూసింది. ఆమె దగ్గర నేను ఎన్నడూ చాయ్ తాగింది లేదు, మొఖపరిచయం గూడ లేదు. వచ్చి చెయ్యి వట్టుకొని "ఎప్పుడు పన్నవ్ బిడ్డా?" అన్నది. లారీ డ్రైవరు రోడ్డు మీద తూలితే ఎవరైనా ముందు తాగిండా అనే చూస్తరు. ఆమె నిద్ర గురించి అడిగింది. ఎంత యాది చేసుకున్నా నాకు యాదికి రాలే. జవాబు చెప్పలేక నలుగురి ముందట ఏడ్చిన. మా నాయిన పోయినప్పుడు గూడ అంత ఏడ్వలే.

హోటల్ ఎనుక నవారు మంచం మీద పండవెట్టి, నీళ్లు తాపి, తడి తువ్వాలతోని మెడ తుడిచింది. 108కి ఫోన్ చేయించింది. అంతల్నే ఓనర్ ఫోన్. ఆగకుంట మోగుతుంటే నా చేతులకెల్లి తీసుకొని, "నీ ఇసుక యాడికి పోదు సారూ, ఈ పిలగాడే పోయేటట్టున్నడు. తాళంచెవి నా దగ్గరున్నది, డాక్టరు చెప్పేదాక ఇయ్య" అని పెట్టేసింది. నిజంగనే తాళంచెవి కొంగుకు ముడేసుకున్నది. అంబులెన్సు వచ్చేదాక ఆ ముడి దిక్కే చూసుకుంట పన్న. ఇగ బండి కదిలించే పని నాది కాదన్న ధైర్యానికే ఊపిరి కొంచెం ఆడింది.

వరంగల్ ఎంజీఎం దవాఖానల ఈసీజీ తీసిన్రు, రక్తపరీక్షలు చేసిన్రు. గుండెకేం కాలేదు, బీపీ మాత్రం బాగ ఎక్కువున్నదన్నరు. నిద్రలేక, టెన్షన్ పేరుకపోయి ఇట్లయితదని, పానిక్ అటాక్ అంటరని ఒక డాక్టరమ్మ స్టూలు గుంజుకొని పక్కన కూసొని చెప్పింది. మనసు బాగలేనోళ్లతోని ఫోన్ల మాట్లాడే సర్కారు సాయం, టెలిమానస్ నంబరు 14416 రాసిచ్చింది. పైసలు అక్కర్లేదు, రాత్రయినా పగలయినా తెలుగులనే మాట్లాడొచ్చు. నేను మాట్లాడిన. మీరు గూడ సిగ్గు పడకుండ్రి.

నా భార్య, అన్న, వదిన దవాఖానల పక్కనే ఉన్నరు. వాళ్లకు వేరే చెప్పేదేమున్నది.

ఒక్క మాట మాత్రం కడుపుల దాచుకోలేకపోతున్న. ఇసుక తీసి లోడు చేసే రీచు కాడ లైన్ల ఉన్న టైముని ఎవ్వరూ డ్యూటీ అనరు. ముందు బండి జరిగితే మనం జరగాలె, లేకపోతే ఎనుకోడు హారన్ కొడ్తడు. ఇగ నిద్రెట్ల పడ్తది? లోడయినంక ఇసుక కొన్న పార్టీ ఫోన్లు, లోడు కాయితం వే బిల్లు మీద రాసిన టైము. పైసలేమో ట్రిప్పు లెక్కన. ఓనర్లను ఒక్కళ్లనే అనను, వాళ్ల మీద ఫైనాన్సోళ్లున్నరు. 1961ల చేసి 2025 దాక అమల్ల ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టంలనే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, 5 గంటలు పనిచేస్తే అరగంట విరామం అని రాసి ఉండెనని నన్ను చూడొచ్చిన యూనియన్ పెద్దమనిషి చెప్పిండు. ఇన్నేండ్ల సంది స్టీరింగ్ పట్టిన, ఆ మాట ఒక్కరు చెప్పలే. యాక్సిడెంట్ అయితే పేపర్ల "డ్రైవర్ నిద్రమత్తు" అని రాస్తరు. ఆ డ్రైవరును పండుకోనియ్యంది ఎవరో రాయరు.

ఆగుండ్రి, పంక్చర్ షాపు తమ్మున్ని మర్చిన. లారీని రోడ్డు మీదికెల్లి తీసి చక్రాలకు రాళ్లు పెట్టింది అతనే. నన్ను తీస్కపోయినంక అందుకోసమని అమ్మ తాళంచెవి ఇచ్చి, పని కాంగనే మళ్లీ తీసుకున్నదట. 108 బండి నడిపిన పైలట్ అన్నకు దండాలు. వార్డుల పక్క మంచం ముసలాయన కోడలు నా భార్యకు పొద్దుమాపు తన టిఫిన్‌ల కెల్లి అన్నం పెట్టింది. నా లోడు తీస్కపోయి దించిన పరకాల అన్న బత్తా పైసలు గూడ తీసుకోలే, ఆ పైసలు మా ఇంట్లనే ఇచ్చిపోయిండు. ఇంకెవరినన్న మర్చిపోతే చెప్పుండ్రి, ఇండ్లనే కలుపుత.