నా చేత ఒట్టు వేయించుకోని వాళ్లకు

ఈ రోజుతో నేను మద్యమూ మత్తు మాత్రలూ ముట్టక 14 నెలలు. ఈ పోస్టు రాయాలని ఎప్పటినుంచో ఉంది. కానీ థాంక్స్ చెప్పడం మొదలుపెడితే ఎందుకు చెప్తున్నానో కూడా చెప్పాలి కదా, అక్కడే ఆగిపోయేవాడిని. ఇవాళ ఆగను.

తాగిన పదకొండేళ్లలో నేను వేసిన ఒట్లకు లెక్క లేదు. అమ్మ మీద వేశాను, పిల్లల మీద వేశాను, తల మీద చెయ్యి పెట్టి మరీ వేశాను. వేసేటప్పుడు ఏదీ అబద్ధం కాదు, ప్రతిసారీ మనస్ఫూర్తిగానే వేశాను. సాయంత్రమయ్యేసరికి ఒట్టు తీసి గట్టున పెట్టేవాడిని, ఆ సిగ్గుతో ఇంట్లో వాళ్ల ముఖం చూడలేక ఇంకో రెండు పెగ్గులు ఎక్కువ తాగేవాడిని. నడుం నొప్పికని మొదలైన ఓపియాయిడ్ మాత్రలు (నల్లమందు జాతికి చెందిన, అలవాటు పట్టే నొప్పి మాత్రలు) కూడా అంతే, నొప్పి పోయింది, అవి మాత్రం పోలేదు.

చివరి ఒట్టు అక్కకి వేశాను. ఈసారైనా నిలబెట్టుకోవాలని గదిలో తలుపేసుకుని అన్నీ ఒక్కసారే ఆపేశాను. మొదటి రాత్రి చేతుల వణుకు, ఒళ్లంతా చెమట. రెండో రోజు ఫిట్స్ వచ్చి పడిపోయాను. తలుపు పగలగొట్టించి అక్కే ఆసుపత్రికి తీసుకెళ్లింది.

అక్కడ డాక్టర్ గారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. రోజూ తాగే మనిషి మెదడు ఆ మత్తుని తట్టుకోవడానికి తనే ఎదురు పనిచేయడం అలవాటు చేసుకుంటుందట, మందు హఠాత్తుగా ఆగితే ఆ ఎదురు వేగం ఒక్కటే మిగిలి మెదడు అదుపు తప్పుతుందట. మొదట వణుకు, 48 గంటల్లోపు మూర్ఛ వచ్చే ప్రమాదం, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి డెలీరియం, అంటే లేనివి కనిపించి వినిపించే స్థితి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మెదడుని శాంతపరిచే డయాజిపామ్ ఇచ్చి రోజురోజుకీ డోసు తగ్గించారు, మెదడు దెబ్బతినకుండా బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇది చదువుతున్న వాళ్లలో నాలాగా రోజూ తాగేవాళ్లుంటే, దయచేసి నేను చేసినట్టు గదిలో తలుపేసుకుని మానేయకండి, ముందు డాక్టర్‌ని కలవండి.

రాత్రి డ్యూటీ నర్సు గారికి నా పేరు గుర్తుండకపోవచ్చు. గోడ మీద పురుగులు పాకుతున్నాయని నేను అరిస్తే ఆవిడ లేవని నాతో వాదించలేదు. లైటు వేసి, నేను ఎక్కడున్నానో, అది ఏ వారమో, టైమెంతో నెమ్మదిగా చెప్తూ పక్కనే నిలబడ్డారు. అమ్మా, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మాత్రల సంగతి వేరు. వాటి మీద కోరిక తగ్గడానికి నాల్‌ట్రెక్సోన్ ఇస్తామన్నారు కానీ, ఒంట్లో ఓపియాయిడ్ ఉండగా అది వేస్తే విత్‌డ్రాయల్, అంటే మత్తు ఆగినప్పుడు ఒంటికి వచ్చే బాధలు, ఒక్కసారిగా విరుచుకుపడుతుందని వారం పైనే ఆపి మొదలుపెట్టారు. మందు మీద కోరికకి కూడా అదే మాత్ర పనిచేస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

కౌన్సెలర్ గారి దగ్గర మొదటి రోజే అలవాటు కొద్దీ "ఒట్టు మేడమ్, ఇంక జన్మలో ముట్టను" అన్నాను. ఆవిడ "ఒట్టు వద్దండీ, కోరిక పుట్టినప్పుడు ఎవరికి ఫోన్ చేస్తారో ఐదుగురి పేర్లు రాయండి" అన్నారు. నాకు రెండే దొరికాయి. మిగతా మూడు గీతలు ఖాళీగానే ఉంచి ఆ కాగితం నా చేతికిచ్చారు. కోరిక అలలాంటిదని, చాలావరకు అరగంటలోపే దిగిపోతుందని, జన్మంతా కాదు ఆ అరగంట గడిపితే చాలని నేర్పింది ఆవిడే. ఇంకో మాట కూడా చెప్పారు, అదే నా ప్రాణం నిలబెట్టింది. కొన్ని నెలలు మానేసిన ఒంటికి పాత డోసు తట్టుకునే శక్తి ఉండదు, ఒకవేళ మళ్లీ అలవాటులోకి జారి పాత లెక్కన వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. జారిపోతానని శాపం పెడుతున్నారేమో అనిపించింది అప్పుడు.

ఐదో నెలలో జారాను. కారణం పెద్దదేమీ కాదు, నిద్ర లేదు, ఆఫీసులో గొడవ, ఒంటరిగా ఉన్నాను. నాల్‌ట్రెక్సోన్ అప్పటికి మూడు వారాలుగా మానేశాను, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మందు తాగాక మాత్రలు చేతిలోకి తీసుకున్నాను, పాత లెక్కనే. కౌన్సెలర్ గారి మాట గుర్తొచ్చి చెయ్యి ఆగింది. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ (ఏఏ) మీటింగ్‌లో నాకు స్పాన్సర్‌గా, అంటే ముందే మానేసి నాకు దారి చూపే మనిషిగా ఉన్న అన్నకి ఫోన్ చేశాను.

అన్న "మళ్లీనా" అనలేదు. "ఎక్కడున్నావ్? ఏం తీసుకున్నావ్, ఎంత? పక్కన ఎవరున్నారు?" ఈ మూడే అడిగారు. ఫోన్ పెట్టకుండా మాట్లాడుతూనే వచ్చి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు. పొద్దున నేను ఏడుస్తూ మళ్లీ ఒట్టు అందుకోబోతే 1935 నాటి సంగతి చెప్పారు. ఏఏ మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన బిల్ విల్సన్, అప్పటికి తాగుడు మానేసి ఉన్నా, అమెరికాలోని ఆక్రన్‌లో ఒక హోటల్ లాబీలో నిలబడి, పక్కనే బార్ లాగుతుంటే, తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడితే తప్ప నిలబడలేనని ఫోన్లు చేస్తూ పోయారట. అలా కలిసిన రెండో ఆయన డాక్టర్ బాబ్ మానేసి, కొన్ని వారాలకే వైద్యుల సదస్సుకెళ్లి మళ్లీ తాగారు. బిల్ ఆయన్ని వదిలేయలేదు. ఆ డాక్టర్ గారు చివరిసారి తాగిన రోజు 1935 జూన్ 10 అని చెప్పుకుంటారు, ఆ రోజునే ఏఏ పుట్టినరోజు అంటారు. "ఆయన కూడా బిల్‌ని కలిసిన తర్వాత జారినవాడే" అని చెప్పి అన్న నన్ను సాయంత్రం మీటింగ్‌కి రమ్మన్నారు. వెళ్లాను. అందరి ముందూ మళ్లీ నా మొదటి రోజు అని చెప్పాను (ఈ 14 నెలల లెక్క ఆ రోజు నుంచే), ఎవరూ తల తిప్పుకోలేదు.

అక్కా, నీకేం చెప్పను? నువ్వు నా గది వెతకడం, జేబులు చూడడం, వాసన చూడడం మానేసినప్పుడు నా మీద ఆశ వదిలేసుకున్నావనుకున్నాను. తాగేవాళ్ల ఇంట్లో వాళ్ల కోసం జరిగే అల్-అనాన్ మీటింగ్‌లకి నువ్వు వెళ్తున్నావని, తాగుడు నీ వల్ల రాలేదని, నువ్వు ఆపలేవని, నువ్వు నయం చేయలేవని అక్కడ నేర్చుకున్నావని తర్వాత తెలిసింది. నేను మళ్లీ జారిన వారం నువ్వు డబ్బు ఇవ్వలేదు, ఇంటి తలుపు మాత్రం తీశావు. రెండింటికీ థాంక్స్. ఆ వారం నీ చేతిలో చెయ్యి వెయ్యబోతే వెనక్కి తీసుకున్నావు చూడు, అప్పుడు బాధ పడ్డాను, ఇప్పుడు పడట్లేదు.

ఆ కాగితం ఇంకా పర్సులోనే ఉంది. ఖాళీగా ఉన్న మూడు గీతలు నిండాయి, వెనక వైపు కూడా రాశాను. అన్నా, రేపు హాల్ తాళం నా దగ్గరే ఉంటుంది, కుర్చీలు నేను వేస్తాను, మోకాలి నొప్పితో మీరు తొందరపడి రావద్దు. కొత్తగా ఒకబ్బాయి వస్తానన్నాడు, వాడి కోసం తలుపు దగ్గర నేనుంటాను.