బ్యాగు దులుపుకొని రా

నల్లగొండ

చిన్నా,

నువ్వు పంపిన మోడల్ 60 రివాల్వర్ ఫొటోలు మూడు రోజులుగా చూస్తున్నాను. బతుకంతా లేతు మిషన్ ముందు గడిచింది కదా, మంచి పనితనం కనబడితే కన్ను పక్కకు పోదు.

1965లో అమెరికా కంపెనీ స్మిత్ అండ్ వెస్సన్ ఈ మోడల్ 60 తెచ్చేదాకా స్టెయిన్‌లెస్ స్టీలు రివాల్వర్లు అమ్మకానికి లేవన్నావు. ఎందుకు లేవో నాకు అర్థమైంది. బోరు మోటార్లకు స్టెయిన్‌లెస్ షాఫ్టులు తిప్పినవాణ్ని. అది మొండి లోహం. టూలుకు అంటుకుంటుంది, ఊరికే వేడెక్కుతుంది. స్టీలు మీద స్టీలు రాసుకుంటే పట్టేస్తుంది. అరచేతిలో పట్టేంత యంత్రంలో అన్ని భాగాలు కదిలేలా చేయడం మామూలు పని కాదు. అదే కంపెనీ 1950లో తెచ్చిన చీఫ్స్ స్పెషల్ రివాల్వర్ కూడా ఆ సైజుదే, కానీ మామూలు ఉక్కు. ఒంటికి ఆనించి పెట్టుకునేవాళ్ల చెమటకు తుప్పు పట్టేది. ఆ బాధ తీర్చడానికే మోడల్ 60 పుట్టింది.

నీ పాత రివాల్వర్‌ను అద్దంలా మెరిపిస్తానన్నావు. వద్దు బిడ్డా. నేను పని నేర్చుకునే రోజుల్లో మా ఉస్తాదు మైక్రోమీటరు, అదే సన్నటి కొలతలు తీసే పరికరం, మెరవాలని ఎమెరీ పేపరుతో రుద్దాను. మురికితో పాటు కొలత గీతలూ పోయాయి. ఆయన తిట్టలేదు, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నీ దానిమీద నంబర్లు, కంపెనీ ముద్ర, మిషన్ వదిలిన సన్నటి గీతలు ఉన్నాయి. బ్యారెల్‌ను పట్టి ఉంచే అడ్డ పిన్ను ఉంది. ఆ పిన్ను పెట్టడం 1982లో మానేశారని నువ్వే చెప్పావు. దాని వయసు చెప్పేవి ఇవే. మెత్తటి గుడ్డతో తుడిచి, పలచగా నూనె రాసి పెట్టు, చాలు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని మాట. రెండో ఫొటోలో అద్దాల బీరువా వెనక మనవడి సైకిలు కనిపించింది. అయిదు గుండ్ల చిన్న తుపాకి వాడి చేతికి బొమ్మలా సరిపోతుంది. అద్దం తలుపు తాళం కాదు. ఇనుప పెట్టె కొను, తూటాలు వేరే గదిలో వేరే తాళం కింద పెట్టు. నిన్ననే ఖాళీ చేశానని నమ్మకు, చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ సిలిండర్ తెరిచి తూటాలు పెట్టే అయిదు గదులూ చూడు. కోడలికి కూడా నేర్పు. ఇది ఈ వారమే చెయ్యి.

ఇక్కడ మన దేశంలో నీలా తుపాకులు ఏరి కూర్చుకునే వీలు లేదు. చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్సు ఉన్నవాళ్లకు కూడా మామూలుగా రెండు తుపాకులే. ఎలక్షన్లు వస్తే అవీ స్టేషన్లో అప్పజెప్పమని చాలామందికి చెబుతారు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఒక్క తూటా దొరికినా కేసే. బ్యాగు మూలలో మరిచిపోయిన తూటాతో ఎయిర్‌పోర్టులో ఇరుక్కున్నవాళ్ల వార్తలు పేపర్లో చదివాను. తెలియక వచ్చిందని తేలేసరికి పాస్‌పోర్టు, సెలవులు, ఉద్యోగం అన్నీ టెన్షనే.

దసరాకు వస్తున్నావు కదా. షూటింగ్ రేంజికి తీసుకెళ్లిన బ్యాగు ప్రయాణానికి తేవద్దు, కొత్తది కొను. పాత జాకెట్ జేబులు, చెప్పుల సంచి, పిల్లాడి బ్యాగు కూడా తిరగేసి దులుపు. దులిపాక నాకొక మెసేజ్ పెట్టు. అది వచ్చేదాకా ఈ సంగతి అమ్మకు చెప్పను, మెసేజ్ కోసం నేనే చూస్తుంటాను.

మీ బాపు