మా డార్క్‌రూమ్‌లో పాట ఎప్పుడు ఉంటుంది, ఎప్పుడు ఉండదు

మా ల్యాబ్‌కి ఫిల్మ్ ఇవ్వడానికి వచ్చేవాళ్ళలో కొందరు ఈ మధ్య ఒక సందేహం అడుగుతున్నారు. లోపలి నుంచి పాటలు వినిపిస్తున్నాయి, పని మీద ధ్యాస ఉంటుందా అని. అడగాల్సిన ప్రశ్నే. మళ్ళీ తీయలేని ఫోటోలు మా చేతికిస్తున్నారు మీరు. అందుకే లోపల జరిగేది ఉన్నదున్నట్టు చెప్తున్నాను. గది అద్దెకు తీసుకుని సొంతంగా ప్రింట్లు వేసుకునేవాళ్ళకు కొన్ని మార్పులున్నాయి, అవీ ఇందులోనే.

ఫిల్మ్ రోల్‌ని కడగడానికి ముందు రీల్‌కి (ఫిల్మ్ చుట్టుకునే గాడుల చక్రం) ఎక్కించేటప్పుడు మా దగ్గర పాట ఉండదు. ఇప్పుడు దొరికే నలుపు తెలుపు ఫిల్మ్ చాలావరకు పాంక్రోమాటిక్. ఎరుపుతో సహా అన్ని రంగుల వెలుగూ దానికి తగులుతుంది కాబట్టి ఎర్ర లైటు కూడా వేయడానికి లేదు. ఆ చిమ్మచీకట్లో మాకు ఆధారం వేళ్ళు, చెవులు. ప్లాస్టిక్ రీల్‌ని ముందుకూ వెనక్కూ తిప్పుతుంటే, ఫిల్మ్ సాఫీగా వెళ్తున్నంతసేపూ చప్పుడు ఒకే తీరుగా ఉంటుంది. గాడి తప్పిందా, కరకరమంటుంది. అది వినపడగానే ఆగి, కొంచెం వెనక్కి లాగి మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది. వినకుండా తిప్పేస్తే ఫిల్మ్ నొక్కుకుపోయి నెలవంక లాంటి మచ్చ పడుతుంది. రెండు చుట్లు అతుక్కుంటే ఆ ఫ్రేముల్లోకి డెవలపర్ (బొమ్మను పైకి తెచ్చే ద్రావణం) వెళ్ళనే వెళ్ళదు.

రీల్‌ని వెలుగు చొరని ట్యాంక్‌లో పెట్టి మూత బిగించాక లైటు వేసుకోవచ్చు. అయినా డెవలపర్ లోపల ఉన్నంతసేపు టైమర్ తప్ప ఇంకేమీ మోగనివ్వం. ఫిల్మ్ తయారుచేసే ఇల్ఫోర్డ్ కంపెనీ వాళ్ళు చెప్పే పద్ధతి ప్రకారం మొదటి 10 సెకన్లలో ట్యాంక్‌ని 4 సార్లు తలకిందులు చేయాలి, ఆ తర్వాత ప్రతి నిమిషం మొదట్లో మళ్ళీ అలాగే. జోరైన బీట్ వినిపిస్తుంటే చెయ్యి తెలియకుండానే దాని వెంట పోతుంది. ఎక్కువ ఊపితే కాంట్రాస్ట్ పెరిగిపోతుంది, ఫిల్మ్ అంచు చిల్లుల దగ్గర చారలు కూడా పడొచ్చు. బొమ్మను చెరగకుండా నిలిపే ఫిక్సర్ అయిపోయి నీళ్ళలో కడిగేటప్పుడు మాత్రం ఎవరికి నచ్చింది వాళ్ళు పెట్టుకుంటారు.

ప్రింట్లు వేసేటప్పుడు పాట ఉండాలనే నేనంటాను. మీరు తలుపు బయట నుంచి వినేది ఎక్కువగా అప్పటిదే. ఫైబర్ పేపర్‌ని (ప్లాస్టిక్ పూత లేని ఫోటో కాగితం) డెవలపర్‌లో 2 నిమిషాలో, అంతకంటే ఎక్కువో ఉంచాలి. పేపర్‌ని పాడుచేయని మసక లైటు, అంటే సేఫ్‌లైట్ కింద బొమ్మ అసలు కంటే నల్లగా కనిపిస్తుంది కాబట్టి, అయిపోయిందిలే అని ముందే బయటికి తీయాలనిపిస్తుంది. అలా తీస్తే నలుపు నిండుగా రాదు, ప్రింట్ పేలవంగా ఉంటుంది. పాట నడుస్తుంటే ఆ రెండు నిమిషాలు బరువనిపించవు. ఎంత వెలుగు కావాలో చూసే చిన్న ముక్క, ఇంకో టెస్ట్ స్ట్రిప్ వేద్దాం, ఆ మూల ఇంకాస్త తేలిక చేద్దాం అనే ఓపిక కూడా దాంతోనే వస్తుంది. ఇలా చేయడం వల్ల ఫైబర్ ప్రింట్లు మీ చేతికి రావడం కొంచెం ఆలస్యమవుతోంది. దాన్ని తగ్గించాలనే ఉద్దేశం నాకు లేదు.

ఎన్‌లార్జర్ (ఫిల్మ్ మీది బొమ్మను పెద్దది చేసి పేపర్ మీద పడేసే యంత్రం) కింద డాడ్జింగ్, బర్నింగ్, అంటే బొమ్మలో కొంత భాగానికి వెలుగు తగ్గించడం, పెంచడం చేసేటప్పుడు సెకన్లు లెక్కపెట్టుకోవాలి. పాటలో మాటలుంటే లెక్క తప్పుతుంది, అందుకని అప్పుడు పాట ఆపేసి, సమానంగా తాళం కొట్టే మెట్రోనోమ్ పెడతాం. నిమిషానికి 60 దెబ్బలు, దెబ్బకో సెకను. కళ్ళు గడియారం మీద పెట్టే పని లేకుండా చేతుల మీదే ఉంచొచ్చు. పియానో కళాకారుడు కావాలని సాధన చేసి ఫోటోగ్రఫీలోకి వచ్చిన ఆన్సెల్ ఆడమ్స్ కూడా డార్క్‌రూమ్‌లో మెట్రోనోమ్‌తోనే లెక్కపెట్టేవారు.

ఇక మార్పులు. స్పీకర్‌ని గది బయట గోడకు బిగించాం. ప్రింటింగ్ పేపర్ నీలం, ఆకుపచ్చ వెలుగు తగిలితే పాడవుతుంది, బ్లూటూత్ స్పీకర్ల మీద మెరిసేది ఎక్కువగా ఆ నీలం చుక్కే. మీకు సొంత డార్క్‌రూమ్ ఉంటే ఒకసారి పరీక్షించి చూసుకోండి: పేపర్‌కి ముందు లేత బూడిద రంగు వచ్చేంత ఎక్స్‌పోజర్ ఇచ్చి, దానిమీద నాణెం పెట్టి, ఆ వెలుగులో కొన్ని నిమిషాలు ఉంచి డెవలప్ చేయండి. నాణెం ఉన్నచోట గుండ్రటి గుర్తు కనిపిస్తే ఆ వెలుగు పనికిరాదు. తెల్ల పేపర్‌తో చూస్తే కొద్దిపాటి ఫాగ్ (అనవసరపు వెలుగు వల్ల వచ్చే మసక) బయటపడకపోవచ్చు. స్పీకర్‌ని ఎన్‌లార్జర్ ఉన్న బల్ల మీద కూడా పెట్టకండి. బాస్‌కి బల్ల అదిరితే, పెద్ద ప్రింట్‌లో ఆ అదురు కూడా పెద్దదై కనిపిస్తుంది.

గది అద్దెకు తీసుకునేవాళ్ళు ఫోన్ కౌంటర్‌లో ఇచ్చి వెళ్ళాలి. మీ పాటలు మేమే బయట నుంచి పెడతాం. ఇయర్‌ఫోన్లు వద్దు, ఎందుకంటే పక్కవాళ్ళు "తలుపు తీస్తున్నా" అంటే మీకు వినపడాలి. ఒకే సమయానికి ఇద్దరు బుక్ చేసుకుంటే, ఇద్దరూ సరేనంటేనే పాట. గది పూర్తి నిశ్శబ్దంగా కావాలనుకునేవాళ్ళు బుకింగ్ అప్పుడే చెప్పండి, ఆ సమయం మీ ఒక్కరికే ఉంచుతాం.